ఒక్కరోజు పూసే లిల్లీ – పెరటి పూలమొక్క, ఇంటిల్లిపాది ఆరోగ్యం



ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలోను, కొల్లేరు చుట్టుపక్కల గ్రామాలలోను పూలమొక్క లేని ఇల్లు అరుదు. పెరడు లేనివారు కూడా మెట్ల మీద నాలుగు కుండీలైనా పెట్టుకుంటారు. ఈ పాఠంలో డే లిల్లీ అనే పూలమొక్కను ఎలా పెంచాలో నేర్చుకుందాం. దానితోపాటు, మొక్కల మధ్య పనిచేసే చేతులను, కాళ్లను, ఇంట్లోని పిల్లలను ఎలా కాపాడుకోవాలో కూడా తెలుసుకుందాం. ఈ రెండింటినీ కలిపి చెప్పడానికి కారణం ఉంది. డెంగ్యూ దోమ పుట్టేది, పిల్లల నోట్లోకి విషపు గింజ వెళ్లేది, పాము కాటు తగిలేది చాలాసార్లు ఇంటి ఆవరణలోనే.

ఈ పాఠంలో నేర్చుకొనే విషయాలు

1. డే లిల్లీని గుర్తుపట్టడం, విషపు మొక్కల నుండి వేరు చేసి చూడడం
2. మన నేలలో నాటే పద్ధతి, ఏడాది పొడవునా సంరక్షణ
3. నిలువ నీరు, దోమలు
4. పురుగుమందుల జాగ్రత్త
5. గాయాలు, పాము కాటు
6. తోటపని వలన కలిగే మేలు

డే లిల్లీ అంటే ఏది?

ఈ మొక్క శాస్త్రీయ నామం హెమెరోకాలిస్. గ్రీకు భాషలో 'హెమెరా' అంటే రోజు, 'కాల్లోస్' అంటే అందం. పేరుకు తగినట్టే దీని పువ్వు ఉదయం విచ్చుకొని ఆ రాత్రికి వాడిపోతుంది. అయితే ఒక్కొక్క పూకాడకు పది, పదిహేను మొగ్గలు ఉంటాయి. రోజుకు ఒకటి రెండు చొప్పున విచ్చుకోవడం వలన మొక్క వారాల తరబడి పూస్తున్నట్టే కనిపిస్తుంది.

దీని పుట్టిల్లు చైనా, జపాన్, కొరియా దేశాలు. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దీనికి ఈ పేరు పెట్టాడు. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో పనిచేసిన ఆర్లో స్టౌట్ అనే శాస్త్రవేత్త దీనిని ఎన్నో విధాల సంకరపరచి, 1934లో డే లిల్లీల మీద ఒక గ్రంథం వెలువరించాడు. ఆ కృషి తర్వాత పసుపు, నారింజ రంగులతోపాటు ఎరుపు, గులాబి, ఊదా ఛాయలు కూడా వచ్చాయి. అచ్చమైన నీలం రంగు మాత్రం నేటికీ రాలేదు.

లిల్లీ అనే పేరుతో వచ్చే చిక్కు

మన పూల బజారులో 'లిల్లీ పూలు' అని అడిగితే దండలలో గుచ్చే తెల్లని, సువాసనగల నేలసంపెంగ ఇస్తారు. తొలకరి వానకు నేల మీద గుంపుగా పూసే చిన్న పూలను వాన లిల్లీ అంటారు. మే నెలలో ఎర్రని బంతిలా పూసేదాన్ని ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. ఇవేవీ డే లిల్లీ కావు. నర్సరీలో కొనేటప్పుడు ఆకును, వేరును చూసి తెలుసుకోవాలి.

డే లిల్లీ ఆకులు గడ్డి పోచలా పొడవుగా, మధ్యలో మడత పడినట్టు ఉంటాయి. విసనకర్ర విప్పినట్టు నేలలోనుండి వరుసగా లేస్తాయి. నేల కింద ఉల్లిగడ్డ వంటి గడ్డ ఉండదు. ఉబ్బిన వేళ్ల వంటి వేర్లు ఉంటాయి.

దీనితో పొరబడకూడని మొక్క అడవినాభి. దీనినే అగ్నిశిఖ అని, పొత్తిదుంప అని కూడా అంటారు. ఇది కంచెల మీద పాకే తీగ. ఆకు కొస సన్నని నులితీగలా చుట్టుకుంటుంది. పూరేకులు అంచులు ముడతలు పడి, మంటలాగా పైకి లేచి, ఎరుపు పసుపు రంగులలో ఉంటాయి. పువ్వు అందమైనదే, పొరుగున ఉన్న తమిళనాడుకు అది రాష్ట్ర పుష్పం. కాని ఈ మొక్కలో కాల్చిసిన్ అనే విషం అన్ని భాగాలలోను ఉంటుంది, దుంపలో మరీ ఎక్కువ. తినే దుంప అనుకొని వండుకొని తిన్నవారు ఉన్నారు. తిన్న కొన్ని గంటలకు గొంతు మంట, వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. తర్వాతి రోజులలో రక్తకణాలు పడిపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం, జుట్టు ఊడిపోవడం జరుగుతుంది. అందుచేత 'వాంతులు తగ్గాయి కదా' అని ఇంట్లో ఉండిపోకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకురావాలి. తిన్న దుంప ముక్కో, ఆకో ఉంటే కూడా తీసుకురండి.

పచ్చగన్నేరు కాయలు పిల్లలకు ఆట వస్తువుల్లా కనిపిస్తాయి. వాటి గింజలు గుండె లయను దెబ్బతీస్తాయి. పసిపిల్లలున్న ఇంట్లో ఆ చెట్టు కాయలు నేల మీద పడి ఉండనీయకండి.

చైనాలో ఒక రకం డే లిల్లీ మొగ్గలను ఎండబెట్టి వంటలో వాడతారు. ఇది చదివి మీ పెరటి మొగ్గలను కూరలో వేయకండి. పచ్చి మొగ్గలు కడుపులో వికారం, విరేచనాలు కలిగించవచ్చు. నర్సరీ మొక్కలకు ఏ మందు కొట్టారో మనం చూడలేదు. ఇంట్లో పిల్లిని పెంచుకొనేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి: డే లిల్లీ ఆకు గాని పువ్వు గాని కొరికిన పిల్లికి మూత్రపిండాలు చెడిపోయి ప్రాణం పోవచ్చు.

మన నేల, మన నీరు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న లోతట్టు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు అందులోకి చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. ఇక్కడి నేల చాలావరకు బంకమట్టి. వాన పడితే నీరు తీయదు, ఎండ కాస్తే నెర్రెలు ఇస్తుంది. తాడేపల్లిగూడెం దాటి మెట్ట వైపు వెళితే ఎర్రనేలలు, నీరు త్వరగా ఇంకే నేలలు కనిపిస్తాయి.

డే లిల్లీ మొండి మొక్క. ఏ నేలలోనైనా బతుకుతుంది గాని, మొదట్లో నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు కొల్లేరు గ్రామాలకు కూడా చేరింది. అటువంటి పల్లపు చోట నేల మట్టానికి నాటడం కంటే, ఒక అడుగు ఎత్తున మట్టి పోసి మడి కట్టుకొని నాటడం మంచిది. ఉప్పు తగిలిన రొయ్యల చెరువు నీరు పోయకండి. ఆకుల కొసలు మాడిపోతాయి.

నాటే విధానం

మన ప్రాంతంలో వేడి తగ్గి, పెద్ద వానలు వెనుకబడిన నవంబరు నుండి జనవరి వరకు నాటుకోవచ్చు. చలికి ఆకు రాల్చి నిద్రపోయే రకాలు మన వాతావరణానికి సరిపడవు. ఏడాదంతా ఆకు పచ్చగా నిలిచే రకం కావాలని నర్సరీలో అడగండి.

1. రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ తగిలే చోటు ఎంచుకోండి. వేసవి మధ్యాహ్నం కొంచెం నీడ పడితే పువ్వు మాడదు.

2. బంకమట్టి అయితే మూడు వంతుల మట్టికి ఒక వంతు ఇసుక, ఒక వంతు బాగా చివికిన గెత్తం కలపండి. పచ్చి పేడ వేయకండి.

3. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీయండి. గుంట మధ్య చిన్న మట్టి గుట్ట చేసి, దాని మీద మొక్కను కూర్చోబెట్టి, వేర్లను చుట్టూ కిందికి పరచండి.

4. ఆకు, వేరు కలిసే మొదలు మట్టికి ఒక అంగుళం లోపల ఉండాలి. అంతకన్నా లోతుగా పాతితే పూత తగ్గుతుంది, కుళ్లు వస్తుంది.

5. మొక్కకు మొక్కకు మధ్య ఒకటిన్నర నుండి రెండు అడుగుల దూరం ఉంచండి.

కుండీలో పెంచేవారు అడుగున రంధ్రం ఉన్న పన్నెండు అంగుళాల కుండీ తీసుకోవాలి.

ఏడాది పొడవునా సంరక్షణ

నాటిన మొదటి నెల రెండు రోజులకొకసారి నీరు పోయండి. వేరు పట్టిన తరువాత వారానికి రెండుసార్లు, నీరు లోతుకు దిగేటట్టు పోస్తే చాలు. వేసవిలో కుండీ మొక్కలకు రోజూ కావాలి. వేలితో మట్టిని రెండు అంగుళాలు తవ్వి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీరు అక్కరలేదు.

రెండు నెలలకొకసారి మొక్కకు రెండు గుప్పెళ్లు వానపాముల ఎరువు వేయండి. యూరియా ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి పువ్వు తగ్గుతుంది, పేనుబంక పడుతుంది. మొదట్లో ఎండుగడ్డి గాని, కొబ్బరి పీచు గాని పరిస్తే తేమ నిలుస్తుంది. అయితే మొదలుకు ఆనుకోకుండా రెండు అంగుళాల ఎడం ఉంచండి.

కొల్లేరు వారికి గుర్రపుడెక్క కావలసినంత దొరుకుతుంది. దాన్ని నీటిలో నుండి తీసి, ఎండబెట్టి, కుళ్లబెట్టి పూలమొక్కలకు ఎరువుగా వాడవచ్చు. ఒక రకం దోమ పిల్లలు గుర్రపుడెక్క, అంతరతామర వేళ్లకు అంటుకొని ఊపిరి తీసుకుంటాయి. మొక్కను తీసి ఎండబెడితే అవీ చస్తాయి. కాని గుర్రపుడెక్క మురుగు నీటిలోని సీసం వంటి లోహాలను తనలోకి పీల్చుకుంటుంది. కాబట్టి మురికి కాలువలో పెరిగినదాన్ని కూరగాయల మడులలో వేయకండి.

వాడిన పువ్వులను రోజూ తుంచివేయండి. కాడలోని మొగ్గలన్నీ అయిపోయాక కాడను మొదట కోయండి. మూడు నాలుగేళ్లకు దుబ్బు ఒత్తుగా మారి పూత తగ్గుతుంది. అప్పుడు దుబ్బును గునపంతో లేపి, మట్టి కడిగి, రెండు మూడు పిలకలు ఉండేటట్టు విడదీసి, ఆకును ఆరు అంగుళాలకు కత్తిరించి తిరిగి నాటండి. మిగిలిన పిలకలను ఇరుగుపొరుగువారికి పంచండి.

ఆకు అడుగున నారింజ రంగు పొడి అంటుకొంటే అది తుప్పు తెగులు. ఆ ఆకులను కోసి కాల్చివేయండి. నీరు ఆకుల మీద కాక మొదట పోయండి.

నిలువ నీరు, దోమలు

డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికి నీటిలో కంటే ఇంటి చుట్టూ నిలిచిన తేట నీటిలో ఎక్కువగా గుడ్లు పెడుతుంది. కుండీ కింద పళ్లెం, పగిలిన గోలెం, వాడని రోలు, కొబ్బరి చిప్ప, పాత టైరు – ఇవన్నీ దానికి పురిటిగదులే. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికి ఒకరోజు పాత్రలన్నీ వంచి ఆరబెట్టే 'డ్రై డే' పాటించాలని ఆరోగ్య శాఖవారు చెబుతుంటారు. వంచితే మాత్రమే సరిపోదు. గుడ్లు పాత్ర గోడకు అంటుకొని నెలల తరబడి ఎండినా బతికి ఉంటాయి. పీచుతో రుద్ది కడగాలి. కుండీ కింద పళ్లెంలో ఇసుక నింపితే నీరు పైకి తేలి నిలవదు.

ఈ దోమ పగటిపూట కుడుతుంది. ఉదయం, సాయంత్రం మొక్కలకు నీరు పోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడకండి. రక్తస్రావం పెరుగుతుంది. మూడు నుండి ఏడు రోజుల మధ్య, జ్వరం దిగే సమయమే డెంగ్యూలో ప్రమాద సమయం. విడవని కడుపునొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మగత, చేతులు కాళ్లు చల్లబడడం – వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆస్పత్రికి రావాలి. తెల్లవారేదాకా ఆగకండి.

పురుగుమందుల జాగ్రత్త

పేనుబంక, తామరపురుగు, ఎర్రనల్లి డే లిల్లీకి పట్టే పురుగులు. వీటికి మొదటి మందు నీరే. గొట్టంతో ఆకు అడుగున బలంగా కొడితే చాలావరకు రాలిపోతాయి. తగ్గకపోతే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లండి. వారం తరువాత మరొకసారి చల్లండి.

పొలానికి తెచ్చిన మందులో మిగిలినదాన్ని పెరటి పూలకు కొట్టడం మన ఊళ్లలో అలవాటు. ఈ అలవాటు మానాలి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పెరట్లో పువ్వు పక్కనే తోటకూర, బచ్చలి ఉంటాయి. ఆ పువ్వే పిల్ల జడలోకి వెళుతుంది. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణంలో ఉన్నట్టుండి ఆరువందల మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడం వంటి లక్షణాలతో ఆస్పత్రుల పాలైన సంగతి మనకు గుర్తుంది. అప్పుడు ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలపై కూడా పరీక్షలు జరిగాయి. ఆ రోజుల భయం తెలిసిన మనం నీటిలో, నేలలో మనమే ఏమి కలుపుతున్నామో చూసుకోవాలి.

మందును కూల్‌డ్రింక్ సీసాలో, వంటింట్లో ఎప్పుడూ ఉంచకండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీరు తాగించకండి. నోట చొంగ, చెమటలు, కంటిపాప సూదిమొనలా కుంచించుకోవడం, ఊపిరి ఆడకపోవడం విషం ఎక్కిన గుర్తులు. మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకురండి. డబ్బా మీద పేరు చూస్తే డాక్టరుకు చికిత్స తేలిక.

గాయాలు, పాము కాటు

పశువుల ఎరువులోను, మట్టిలోను ధనుర్వాతం క్రిములు ఉంటాయి. బొరిగె తగిలినా, ముల్లు గుచ్చుకున్నా సబ్బు నీటితో బాగా కడగాలి. పేడ, పసుపు, కాఫీపొడి పెట్టకూడదు. పదేళ్లలోపు టీకా పడి ఉండకపోతే వేయించుకోవాలి. వరద నీరు నిలిచిన పెరట్లో ఎలుకల మూత్రం ద్వారా ఎలుక జ్వరం అంటుకొంటుంది. కాళ్లకు పుండ్లున్నవారు బూట్లు లేకుండా దిగకూడదు. షుగరు వ్యాధి ఉన్నవారికి పాదాల స్పర్శ తగ్గి ముల్లు దిగినా తెలియదు. వారు చెప్పులు లేకుండా తోటలోకి వెళ్లరాదు. పని అయ్యాక రోజూ అరికాళ్లు చూసుకోవాలి.

ఒత్తయిన దుబ్బు, గడ్డి పరుపు కప్పలకు, ఎలుకలకు నీడ. వాటి వెంట పాము వస్తుంది. మన ప్రాంతంలో త్రాచు, కట్లపాము, రక్తపింజర ఉన్నాయి. 2000 నుండి 2019 వరకు దేశంలో పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది మరణించారని అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మనదీ ఒకటి. దుబ్బులో చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి. పడకగది కిటికీ, గుమ్మం దగ్గర దుబ్బులు నాటకండి. రాత్రి టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లకండి.

పాము కరిస్తే: కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించకూడదు. ఉంగరాలు, పట్టీలు తీసివేయండి. కరచిన చేయిని గాని కాలిని గాని కర్రబద్దతో కదలకుండా కట్టండి. రోగిని నడిపించకండి. 108కు ఫోన్ చేయండి. మంత్రం కోసం గాని, పామును వెదకడం కోసం గాని ఒక్క నిమిషం కూడా పోనీయకండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, కడుపునొప్పి కనిపిస్తే అనుమానించాలి.

తోటపని వలన కలిగే మేలు

పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తవ్వడం, కలుపు తీయడం, నీళ్లు మోయడం ఆ లెక్కలోకే వస్తాయి. రక్తపోటు, షుగరు అదుపులో ఉండడానికి ఇవి తోడ్పడతాయి. పిల్లలు ఊరికి దూరమైన ఇంట్లో ఒంటరిగా ఉండే మామ్మకు, తాతయ్యకు రేపు ఏ మొగ్గ విచ్చుతుందో చూడాలన్న ఆశ కూడా ఒక బలమే. అయితే దిగులుతో నిద్ర, ఆకలి పోయినవారికి మొక్క ఒక్కటే చాలదు. వారిని వైద్యుల దగ్గరకు తీసుకురండి.

వేసవిలో ఉదయం ఎనిమిది గంటల లోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే పనిచేయండి. నడుము వంచకుండా చిన్న పీట వేసుకొని కూర్చోండి. మొక్కల విషయంలో సందేహముంటే తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడగవచ్చు.

ధ్యానానికి

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ప్రభువు తన శిష్యులకు పొలములోని పువ్వులను చూపించి, రేపటిని గూర్చిన చింతను విడువమని బోధించాడు. ఆ దేశపు పువ్వు మన డే లిల్లీ కాదు. అయినా ఒక్కరోజే ఉండే పువ్వుకు దేవుడు అంత అందమిస్తే, మన ఇంటివారి ప్రాణం ఆయనకు ఎంత విలువైనదో ఆలోచించండి. చింత మానమన్నాడు గాని జాగ్రత్త మానమనలేదు. కుండీ కింద నీరు పారబోయడం, పిల్లలకు అందని చోట మందు దాచడం కూడా ఆయన అప్పగించిన పనిలో భాగమే.

సరిచూసుకుందాం

1. డే లిల్లీకి, అడవినాభికి ఆకులో ఉన్న తేడా ఏమిటి?
2. మొక్క మొదలును మట్టిలో ఎంత లోతున ఉంచాలి?
3. కుండీ పళ్లెంలో నీరు వంచి పోసిన తరువాత ఇంకా ఏమి చేయాలి? ఎందుకు?
4. డెంగ్యూలో జ్వరం దిగాక కూడా ఎందుకు కనిపెట్టి ఉండాలి?
5. పురుగుమందు మింగినవారి విషయంలో చేయకూడనివి రెండు చెప్పండి.
6. పాము కరిచినప్పుడు మీ ఇంటి నుండి ఏ ఆస్పత్రికి, ఏ వాహనంలో వెళతారు? విషానికి విరుగుడు మందు అక్కడ ఉందో లేదో ఈ వారమే కనుక్కొని, ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి.